కోతులు పెరుగుతున్నాయా, తగ్గిపోతున్నాయా? సింహపు తోక కోతి నుంచి నల్లమల కోతి దాకా

అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ వైపు ఏ ఊళ్లో కూర్చున్నా మాట కోతుల మీదికి మళ్లుతుంది. వాటి బెడద పడలేక పల్లికాయ, మక్కలు, కూరగాయలు వేయడం మానేసి పత్తికి మళ్లిన రైతులు ఉన్నారు. గూనపెంకుల ఇంటి మీద జాలీలు పరిచినవాళ్లు ఉన్నారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ‘వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె’ అన్న నినాదం అంత తొందరగా జనం నోళ్లలోకి ఎక్కిందంటే కారణం ఈ బాధే. అలాంటి ఊళ్లో ఉండి, పడమటి కనుమల్లో ఒక కోతి జాతి అంతరించిపోయే ప్రమాదంలో ఉందని చదివితే నమ్మబుద్ధి కాదు.

రెండూ నిజమే. పైగా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. మన కళ్లకు ఎన్ని కోతులు కనబడుతున్నాయన్నది ఒక సంగతి, ఒక జాతి నిలబడుతుందా లేదా అన్నది ఇంకో సంగతి. వానఅడవిలో బతికే సింహపు తోక కోతి కథ చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. అది అర్థమైతే నల్లమల అంచున జరుగుతున్నది కూడా వేరేలా కనబడుతుంది.

ముందు ఏ కోతి ఏదో తెలియాలి

దక్షిణ తెలంగాణలో ఎక్కువగా కనబడేది బానెట్ కోతి. నడినెత్తి మీద పాయ తీసి చుట్టూ దువ్వినట్టు జుట్టు ఉంటుంది, దూరం నుంచి చూస్తే చిన్న టోపీ పెట్టుకున్నట్టే. తోక పొడవు, దాదాపు ఒంటి పొడవంత. ఈ కోతి దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు.

రెండోది రీసస్ కోతి. దీని నెత్తిన టోపీ లేదు. తోక పొట్టి, ఒంటి పొడవులో సగం కూడా ఉండదు. నడుము కింద, తొడల మీద బొచ్చు నారింజ ఎరుపు. ఉత్తరాదిలో గుళ్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో తిరిగేది ఇదే. అఫ్గానిస్తాన్ నుంచి చైనా దాకా ఉంది.

నల్లమొహం, పొడుగు తోక ఉన్న కొండముచ్చు, మన వైపు కొండెంగ అంటాం, దాని దారి వేరు. దాని కడుపు ఆకులు అరిగించుకోవడానికి తగ్గట్టు గదులు గదులుగా ఉంటుంది. బానెట్, రీసస్ రెండూ మకాక్ అనే కోతుల ప్రజాతికి చెందినవి. వీటికి బుగ్గల్లో సంచులుంటాయి. దొరికినదంతా అందులో కుక్కుకుని, తీరిగ్గా ఓ చెట్టెక్కి నములుతాయి. సింహపు తోక కోతి కూడా మకాకే. అంటే మన ఇంటి గోడ మీద కూర్చున్న కోతికి అది చాలా దగ్గరి చుట్టం. ఇంత దగ్గరి చుట్టాల్లో ఒకటి ఊళ్లకు ఊళ్లు ఏలుతుంటే ఇంకొకటి ఎందుకు కరువవుతోంది?

పందిరి మీద సాగే బతుకు

సింహపు తోక కోతికి ఒంటినిండా నల్లటి బొచ్చు, మొహం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర చిన్న కుచ్చు. మగది 5 నుంచి 10 కిలోలు, ఆడది 3 నుంచి 6 కిలోలు తూగుతుంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ నుంచి కేరళ మీదుగా తమిళనాడు కొస దాకా, పడమటి కనుమల వానఅడవులే దాని ఇల్లు. ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే నేల అది. పాలమూరు జిల్లా వానతో పోలిస్తే మూడు రెట్లు.

వానఅడవి అంటే చెట్లు ఎక్కువున్న చోటని మాత్రమే కాదు. ఏడాదంతా ఆకు రాలని పెద్ద చెట్లు కొమ్మా కొమ్మా కలుపుకుని ఎత్తున ఒక పందిరిలా కమ్ముకుంటాయి. ఈ కోతి ఆ పందిరి మీదే పుట్టి, తిని, నిద్రపోయి, నేల మీద కాలు పెట్టకుండానే రోజులు గడిపేస్తుంది. పది, ఇరవై కోతుల గుంపుకు చాలాసార్లు పెద్ద మగకోతి ఒక్కటే ఉంటుంది. అది గట్టిగా ‘కూ’ అని అరిచి, ఈ కొమ్మలు మావని పక్క గుంపుకు తెలియజేస్తుంది. మగకోతి ఇలా హద్దులు చాటుతూ అరవడం మకాకుల్లో అరుదు.

తిండి విషయంలో దీనికి పట్టింపు ఎక్కువ. అడవి పనస, మర్రి జాతి పండ్లు ఇష్టం. వాటికంటే ముఖ్యం మలయాళీలు వెడిప్లావు అని పిలిచే చెట్టు, మన బూరుగుకు దూరపు చుట్టం. ఇతర పండ్లు కరువయ్యే ఎండాకాలంలో దీని కండగల పూలు దొరుకుతాయి, తరువాత ముళ్లకాయలు కాస్తాయి. ఆ ముళ్లను తప్పించుకుంటూ కాయను చీల్చి గింజలు తీసుకుంటుంది ఈ కోతి. మిగిలిన సమయమంతా బెరడు ఊడదీస్తూ, ఎండాకులు విప్పి చూస్తూ, నాచు గోకుతూ పురుగుల వేటలో పోతుంది. ఒళ్లంతా నూగు ఉన్న గొంగళిపురుగు దొరికితే అలాగే నోట్లో వేసుకోదు. ఆకు తీసుకుని దానితో రుద్ది రుద్ది, దురద పెట్టే నూగు పోయాక తింటుంది. తల్లి ఆ పని చేస్తుంటే పిల్ల మొహం దగ్గరగా పెట్టి చూస్తుంది. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ పురుగును ఎలా తినాలో ఆ గుంపులోనే ఒకరి నుంచి ఒకరికి అందే చదువు ఇది. అడవి పోతే ఈ చదువంతా దండగ అవుతుంది.

ఒక ఆడకోతి లెక్క

అసలు తేడా ఎక్కడుందో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అడవిలో సింహపు తోక కోతి మొదటి కాన్పు దాదాపు ఆరున్నరేళ్లకు. ఆ తరువాత ఒక్కో కాన్పుకు మధ్య సుమారు రెండున్నరేళ్లు. కాన్పుకు ఒక్కటే పిల్ల. ఒక ఆడకోతి పదహారేళ్లు బతికిందనుకుందాం. ఆరున్నర, తొమ్మిది, పదకొండున్నర, పద్నాలుగు... మొత్తం నాలుగు పిల్లలు. అందులో సగం ఆడవి అనుకుంటే రెండు. పెద్దయ్యేలోపు సగం పోతాయనుకుంటే మిగిలేది ఒక్క కూతురు. అంటే జీవితమంతా ఏ ఆపదా లేకుండా గడిపిన తల్లి తన చోట ఇంకొకరిని నిలబెట్టగలిగింది, అంతే.

అదే లెక్క రీసస్ కోతికి వేయండి. మొదటి కాన్పు నాలుగేళ్ల వయసులో. తిండి బాగా దొరికితే దాదాపు ఏటా ఒక పిల్ల. పదహారేళ్లలో మధ్య మధ్య కొన్నేళ్లు వదిలేసినా ఎనిమిది, పది పిల్లలు. అవే సగాలు తీసేస్తే మిగిలేది రెండు, రెండున్నర కూతుళ్లు. తరం మారేసరికి సంఖ్య రెట్టింపు.

ఈ అంకెలు అర్థం కావడానికి వేసినవే, అడవిలో ప్రతి గుంపుకూ ఒకేలా ఉండవు. కానీ దిక్కు ఇదే. వేటగాడి తూటాకో, లారీ కిందో ఒక ఆడ సింహపు తోక కోతి పోతే ఆ గుంపు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఊరికోతుల మంద మరుసటి ఏడాదికే ఆ లోటు పూడ్చుకుంటుంది. కొన్ని వానఅడవి చోట్ల వేట వల్లే గుంపులు మాయమయ్యాయి.

అడవి ముక్కలైతే ఏం జరుగుతుంది

మొత్తం సింహపు తోక కోతులు 4,000 లోపే ఉంటాయని అంచనా. పిల్లల్ని కనే వయసున్నవి 2,500 కంటే తక్కువ. ప్రపంచ స్థాయిలో జీవజాతుల స్థితిని అంచనా వేసే ఐయూసీఎన్ ఎర్ర జాబితా దీన్ని ‘అంతరించే ప్రమాదంలో ఉన్నవి’ అనే వరుసలో పెట్టింది.

నాలుగు వేలంటే మరీ తక్కువేం కాదు కదా అనిపించవచ్చు. చిక్కు ఆ నాలుగు వేలూ ఒకేచోట లేకపోవడం. తమిళనాడులోని ఆనైమలై కొండల్లో వాల్పరై పీఠభూమి ఉంది, దాదాపు 220 చదరపు కిలోమీటర్లు. 1890ల నుంచి అక్కడ టీ, కాఫీ తోటలు వేస్తూ పోయారు. వానఅడవి ఇప్పుడు ఆ తోటల మధ్య నలభై దాకా ముక్కలుగా మిగిలింది. నడుం ఎత్తున కత్తిరించిన టీ మొక్కల మీద ఈ కోతి నడవలేదు, దాక్కోలేదు, తినడానికీ ఏమీ లేదు.

ఇప్పుడు ఒక చిన్న ముక్కలో ఒకే గుంపు చిక్కుకుందనుకోండి. మకాకుల్లో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి. మగపిల్లలు పెద్దయ్యాక వేరే గుంపు వెతుక్కుంటూ వెళ్లిపోవాలి. బంధువుల మధ్య సంతానం కలగకుండా అడవి ఏర్పరచుకున్న పద్ధతి ఇది. కానీ వెళ్లాల్సిన మగకోతికి దారి లేదు, బయటి నుంచి కొత్త మగకోతి వచ్చే దారీ లేదు. కూతుళ్లు ఈడుకొచ్చేసరికి గుంపులో ఉన్న మగది తండ్రో, అన్నో అవుతుంది. చెట్లన్నీ నిలబడే ఉన్నా, లోపలున్న గుంపు తరతరానికీ బలహీనపడుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది చాలాకాలం దాకా తెలియదు కూడా.

ఆ అడవికీ అలంపూర్ చేలకూ సంబంధం

ఈ కోతి పేరు దేశమంతా వినబడింది కేరళలోని సైలెంట్ వ్యాలీ వివాదంలో. కుంతిపుళ నది మీద జలవిద్యుత్ ఆనకట్ట కడితే వానఅడవి మునుగుతుందని 1970ల చివర్లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఉద్యమం నడిపింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ, కవయిత్రి సుగతకుమారి లాంటివాళ్లు గొంతు కలిపారు. సింహపు తోక కోతి ఆ పోరాటానికి గుర్తుగా మారింది. ఒక కోతి కోసం కరెంటు వద్దంటారా అని ఎదుటివాళ్లు అడిగారు. కరెంటు లేని ఊళ్లున్న రోజుల్లో ఆ ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. చివరికి 1983లో ప్రాజెక్టు ఆగింది, 1984లో ఆ అడవి జాతీయ పార్కు అయింది.

మనకు దగ్గరైన కథ కుద్రేముఖ్‌ది. కర్ణాటకలోని ఆ కొండల్లో గంగామూల దగ్గర తుంగ, భద్ర రెండూ పుడతాయి. సింహపు తోక కోతి తిరిగే అడవి అది. అక్కడ ఇనుప ఖనిజం తవ్వకాలు 2005 చివరికి ఆగిపోయాయి, సుప్రీంకోర్టు ఆదేశంతో. ఆ రెండు నదులూ కలిసి తుంగభద్రగా గద్వాల జిల్లా అంచున పారి, రాజోలిబండ కాలువ ద్వారా అలంపూర్ వైపు పొలాలకు అందుతాయి. కృష్ణ పుట్టింది కూడా పడమటి కనుమల్లోనే, మహాబలేశ్వర్ దగ్గర. కనుమల మీద కురిసిన వానను ఆ అడవులు ఒడిసిపట్టి మెల్లమెల్లగా వదలడం వల్లే నదుల్లో నీళ్లు ఎక్కువకాలం నిలుస్తాయి. మిత్రులతో ఈ కోతి గురించి మాట్లాడినప్పుడల్లా ‘మనకెందుకు’ అనే ప్రశ్న వస్తుంది. నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ నీళ్లే.

వాల్పరైలో వంటింటి దాకా వచ్చిన వానఅడవి కోతి

ఇంతవరకు చెప్పిన కథ సూటిగా ఉంది. అడవి పోతే కోతి పోతుంది. వాల్పరై పట్టణానికి ఆనుకుని ఉన్న పుదుత్తోట్టం అనే చిన్న అడవి ముక్క దీన్ని కాస్త చిక్కు చేసింది.

అది వంద హెక్టార్లు కూడా లేని ముక్క. ఒకప్పుడు ముప్పై నలభై ఉన్న సింహపు తోక కోతులు అక్కడ తగ్గకపోగా 150 దాటాయి. వేట లేదు, చిరుతలాంటి శత్రువుల భయమూ తక్కువ. తోటల్లో జామ, కాఫీ పండ్లు దొరికాయి. నేల మీదికి దిగడం అలవాటైంది. తరువాత రోడ్డు దాటి ఇళ్ల పైకప్పుల మీదికి, కిటికీల గుండా వంటిళ్లలోకి వచ్చాయి. అన్నం, గుడ్లు, బిస్కెట్లు రుచి చూశాయి. మన ఊరికోతి చేసే పనులన్నీ అవీ నేర్చుకున్నాయి.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. అనుకున్నంత సుకుమారం కాదు ఈ జాతి, మనిషి పక్కన కూడా బతకగలదు, చిన్న ముక్కలను కాపాడినా లాభమేనని కొందరి వాదన. ఇది బతకడం కాదని, ఒకేచోట కిక్కిరిసిపోవడమని మరికొందరు అంటారు. వాహనాల కింద పడేవి, కరెంటు తీగలకు తగిలి పోయేవి, చెత్తకుండీ తిండికి అలవాటుపడ్డవి లెక్కలో పెరుగుదలగా కనబడినా, మగకోతులకు బయటి దారి లేని సమస్య అలాగే ఉందంటారు. నాకు రెండో వాదనే ఎక్కువ బలంగా కనిపిస్తుంది. కాకపోతే ఆ ముక్కే లేకుంటే ఆ కోతులూ లేవన్న మొదటివారి మాటను కొట్టిపారేయలేం.

అక్కడ పనిచేసే నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి రోడ్డుకు అటూ ఇటూ ఉన్న చెట్ల మధ్య వంతెనలు కట్టాయి. అగ్నిమాపక దళం వాడే గొట్టం లాంటి గట్టి క్యాన్వాస్ పట్టీలతో అల్లినవి. కోతులు వాటికి అలవాటుపడ్డాయి. తల్లి పిల్లను పొట్టకు కరిపించుకుని కార్ల మీదుగా అటు దాటిపోతుంది. రోడ్డు వేసినప్పుడు తెగిన పందిరిని ఒక పట్టీ వెడల్పున తిరిగి కలిపారు.

నల్లమల కోతి ఆ జాబితాలోకి ఎలా వచ్చింది

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఐయూసీఎన్ బానెట్ కోతిని కూడా ‘ముప్పు పొంచి ఉన్నవి’ అనే వరుసలో చేర్చింది. సింహపు తోక కోతి కంటే ఒక మెట్టు కింద. వేలకు వేలున్న కోతికి ముప్పేమిటన్నది సహజంగా వచ్చే సందేహం. జాబితాలో చేర్చడానికి మిగిలిన సంఖ్య ఒక్కటే కొలత కాదు, తగ్గుతున్న వేగం కూడా కొలతే. మూడు తరాల కాలంలో 30 శాతం, అంతకు మించి తగ్గితే ఎన్ని మిగిలినా ఆ వరుసలోకి వస్తుంది. మైసూరు ప్రాంతంలో ఒకే రోడ్ల వెంట మళ్లీ మళ్లీ లెక్కపెట్టిన పరిశోధకులు, 25 ఏళ్లలో ఈ కోతులు 65 శాతానికి పైగా తగ్గాయని 2017లో ప్రకటించారు. రోడ్డు పక్క మర్రులు, జువ్వులు కొట్టేయడం ముఖ్య కారణాల్లో ఒకటి.

మర్రి విలువ పిల్లలమర్రి ఉన్న పాలమూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. మర్రి, రావి, మేడి జాతి చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఏ నెలలో చూసినా ఎక్కడో ఒక చెట్టుకు పండ్లుంటాయి. అడవిలో ఇంకేమీ లేని రోజుల్లో కోతిని ఆదుకునేవి ఇవే. రోడ్లు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు పోయేవీ ఇవే.

నల్లమల వానఅడవి కాదు, ఆకురాలే అడవి. ఎండాకాలంలో మొర్రి, తునికి, పాల పండ్లు, వానల మొదట్లో నేరేడు, చలికాలంలో ఉసిరి. మాఘ ఫాల్గుణాల్లో అడవి మోడువారుతుంది. సరిగ్గా అప్పుడే అడవి పక్క చేలల్లో యాసంగి పల్లికాయ ఊడబెరికే సమయం. అడవిలో రోజంతా తిరిగినా దొరకని బలమైన తిండి చేనులో గంటలో దొరుకుతుంది. అడవిలో పండ్లచెట్లు పోయాయి కాబట్టే కోతులు వస్తున్నాయని కొందరంటారు, అడవి బాగున్నా చేను రుచి మరిగిన కోతి వస్తూనే ఉంటుందని మరికొందరంటారు. పల్లికాయ చేను విషయంలో రెండూ కలిసే పనిచేస్తాయి. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు, వటవర్లపల్లి దగ్గర కార్లాపి అరటిపండ్లు, బిస్కెట్లు విసిరే యాత్రికులు దీనికి తోడు. పుణ్యమనుకుని చేసే ఆ పని కోతిని అడవి నుంచి తారు రోడ్డు మీదికి లాగి, మనిషి చేతిలోని సంచిని లాక్కోవడం నేర్పుతోంది.

ఇంకో ముప్పు కోతి నుంచే. పాత పుస్తకాల్లో రీసస్ కోతికి పడమట తపతి, తూర్పున గోదావరి దక్షిణ సరిహద్దు. ఆ రేఖ ఇప్పుడు చెరిగిపోయింది. రీసస్ కోతులు గోదావరి దాటి దక్షిణానికి జరుగుతున్నాయని, బానెట్ కోతుల చోటు తగ్గుతోందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం హెచ్చరించింది. రెండు రకాలూ కలిసి తిరిగే మందలు కూడా కనబడ్డాయి. రీసస్ దేశాలు దేశాలు విస్తరించిన జాతి. బానెట్‌కు దక్షిణం తప్ప వేరే నేల లేదు.

ఒకే చింతచెట్టు మీద రెండు చట్టాలు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. ఆ మార్పులు 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. రీసస్ కోతిని చట్టం షెడ్యూళ్ల నుంచి తీసేశారు. బానెట్ కోతి, సింహపు తోక కోతి మాత్రం గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఆ షెడ్యూల్లోని జంతువును బోనులో పట్టడం కూడా చట్టం దృష్టిలో వేటే, పై అధికారి అనుమతి కావాలి. అంటే నల్గొండ జిల్లాలో ఒకే చింతచెట్టు మీద పక్కపక్కన కూర్చున్న రెండు కోతుల్లో ఒకదానికి ఈ చట్టం వర్తించదు, ఇంకొకదాన్ని ముట్టుకోవాలంటే అనుమతి ఉండాలి.

దీనిపై వాదనలు గట్టిగానే నడుస్తున్నాయి. పంట పోయిన రైతుకు చట్టం అడ్డు కాకూడదని ఒక వైపు. బానెట్ కోతిని రెండో షెడ్యూల్‌కు మార్చాలని కేరళ ప్రభుత్వం కేంద్రాన్ని కోరింది కూడా. రక్షణ సడలిస్తే తగ్గుతున్న జాతి ఇంకా తొందరగా తగ్గుతుందని మరో వైపు. మధ్యలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దారి ఉంది. హిమాచల్‌ప్రదేశ్ లక్షకు పైగా రీసస్ కోతులకు చేయించింది. తెలంగాణలో నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో అలాంటి కేంద్రం పెట్టారు. ఆపరేషన్ చేసిన కోతి కూడా బతికినన్నాళ్లూ చేలో పడుతూనే ఉంటుంది కాబట్టి రైతుకు వెంటనే ఊరట రాదు. ఫలితం కనబడాలంటే మందలో చాలా భాగానికి, ఏళ్ల తరబడి చేస్తూ పోవాలి.

ఊళ్లలో ఎక్కువగా జరుగుతున్నది మాత్రం వేరు. ఇంటింటికీ చందా వేసుకునో, పంచాయతీ డబ్బుతోనో కోతులు పట్టేవాళ్లను పిలిపిస్తారు. బోన్లు నింపుకున్న బండి రాత్రికి అడవి వైపు వెళ్తుంది. ఆ ఊరికి కొన్ని నెలలు ఊరట. కానీ దింపిన చోట అప్పటికే ఒక మంద ఉంటుంది, అది కొత్తవాటిని ఉండనివ్వదు. బిస్కెట్లకు అలవాటుపడ్డ కోతి మొర్రిపండు వెతుక్కోదు, దగ్గరి ఊరికి నడుస్తుంది. అమ్రాబాద్ అంచు గ్రామాలవాళ్లు కొత్త కోతులు వచ్చాయని చెప్పేది ఊరికే కాదు. బండిలో ఉన్నవి రీసస్ కోతులైతే నష్టం ఇంకా పెద్దది. నది అడ్డంగా ఉన్నన్నాళ్లూ సొంతంగా రాలేకపోయిన జాతిని మనమే తీసుకెళ్లి బానెట్ కోతుల అడవి నడుమ దింపినట్టు. పట్టిన కోతుల సంఖ్యకే డబ్బు చెల్లిస్తున్నారు గానీ, అవి ఏ జాతివో చాలాచోట్ల ఎవరూ రాసుకోవడం లేదు. తోక పొడవు చూసి ఆ ఒక్క మాట రాసుకుంటే రీసస్ మందలు కృష్ణకు ఎంత దగ్గరకు వచ్చాయో ఏడాది తిరిగేసరికి మండలాల వారీగా తెలిసిపోతుంది. ఆపరేషన్లు ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చడానికి కావలసింది ఆ సమాచారమే.